మూడో బెంచీ అమ్మాయి

కుదురులేని పిల్లాణ్ని ఎవరైనా గుర్తుపడతారు. కాలు ఒకచోట నిలవదు, ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేస్తాడు. నేను పోల్చుకోలేకపోయింది ఐదో తరగతిలో, మూడో బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయిని. అల్లరి లేదు. బోర్డు మీది లెక్క సగం ఎక్కించుకుని ఆగిపోయేది. వారానికి రెండు పెన్సిళ్లు పోగొట్టేది. తీసివేత గుర్తు చూడకుండా కూడేసేది. మూడోసారి పిలిస్తే ఉలిక్కిపడేది. 'మన్ను తిన్న పాము' అన్నారు తోటి టీచర్లు. నేను కాదనలేదు. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ధ్యాస నిలవకపోవడం, కుదురులేకపోవడం ఉండే సమస్య ఏడీహెచ్‌డీ. అదంటే అల్లరేనని అనుకునేదాన్ని. ధ్యాస నిలవకపోవడమే ప్రధానంగా ఉండే రకమూ ఉంది. ఆడపిల్లల్లో తరచూ కనిపించేది అదే. ఎవరినీ ఇబ్బంది పెట్టదు కనుక ఎవరి కంటా పడదు. ఇదే అమ్మాయి బొమ్మలు వేస్తుంటే గంటసేపు కదిలేది కాదు. 'మనసు పెడితే చెయ్యగలదు, పెట్టదంతే' అని నేను తేల్చేసింది అక్కడే. ఇష్టమైన పనిలో లీనమైపోవడం ఈ పిల్లల్లో మామూలేనని తర్వాత తెలిసింది.

అప్పటినుంచి ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. బద్ధకం, మొండి లాంటి మాటలు అందులో రాయను. 'సోమవారం, తెలుగు పీరియడ్: రెండో వాక్యం దగ్గర ఆగింది. పక్కన కూర్చుని వేలితో చూపిస్తే పూర్తిచేసింది.' ఇంతే. వాళ్లమ్మను పిలిచి ఇది చదివి వినిపించాను. "ఇంట్లోనూ అంతే మేడమ్. ఉప్పు తెమ్మంటే వంటింట్లోకెళ్లి ఎందుకెళ్లిందో మర్చిపోయి నిలబడుద్ది. ఎన్ని దెబ్బలు తిన్నదో" అని కళ్లు తుడుచుకుంది.

ఇది ఏడీహెచ్‌డీయో కాదో తేల్చాల్సిన డాక్టరుకు కావలసింది బడి మాట, ఇంటి మాట రెండూ కలిసే. లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై, కనీసం 6 నెలలుగా, ఇంట్లోనూ బడిలోనూ కనబడాలి. చూపు, వినికిడి, నిద్ర సరిగా లేకపోయినా ఇలాగే ఉండొచ్చు. కొన్ని క్షణాలు చూపు నిలిచిపోయే మూర్ఛ కూడా ఉంది. అందుకే పేరు పెట్టడం నా పని కాదు, చూసింది చూసినట్టు చెప్పడమే నా పని.

ప్రభుత్వ బడులకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు పరీక్షించాల్సిన సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ ఉంది. ఈసారి వాళ్లు మీ బడికి వస్తే, అల్లరి పిల్లలతో పాటు చప్పుడు చేయని ఆ అమ్మాయినీ చూపించండి.