క్యాథెటర్ వేసి ఎన్నో రోజు?

ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్లు ఒకరి నుంచి ఒకరికి పాకకుండా చూసే ఉద్యోగానికి అమెరికాలో ఒక అర్హత పరీక్ష ఉంది. సీబీఐసీ అనే స్వతంత్ర బోర్డు 1983 నుంచి దాన్ని నిర్వహిస్తోంది. పాసైనవారు పేరు పక్కన సీఐసీ అని రాసుకోవచ్చు. మూడు గంటలు, 150 ప్రశ్నలు. వీటిలో 15 బోర్డు తనకోసం పెట్టుకునే ప్రయోగపు ప్రశ్నలు. వాటికి మార్కులుండవు, అవి ఏవో అభ్యర్థికి తెలియదు. రాసేవారిలో నర్సులు ఎక్కువ. ల్యాబ్ నుంచి, ప్రజారోగ్యం నుంచి వచ్చేవారూ ఉంటారు. ఎవరైనా సరే, ఈ పనిలో కొంతకాలం మెలిగినవారై ఉండాలి. కొత్తవారికి ఏ-ఐపీసీ అనే చిన్న మెట్టు వేరే ఉంది.

ఈ ఉద్యోగమే పాతది కాదు. 1950ల్లో పెన్సిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్ వార్డులను వణికించాక, 1959లో ఇంగ్లండ్‌లోని టార్కీ ఆసుపత్రి ఒక నర్సును ప్రత్యేకంగా దీనికే నియమించింది. అదే మొదలు. ఇలాంటి మనిషి వల్ల లాభమెంత అన్నదానికి అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చేయించిన సెనిక్ అధ్యయనం 1985లో జవాబిచ్చింది. 250 పడకలకు ఒక ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు ఉండి, శిక్షణ పొందిన వైద్యుడు తోడుండి, లెక్కలు సరిగ్గా రాసి సర్జన్లకు ఎప్పటికప్పుడు చెబుతుంటే, ఆసుపత్రిలో అంటుకునే ఇన్ఫెక్షన్లలో దాదాపు మూడో వంతు ఆపవచ్చని తేలింది.

లెక్క అన్న మాట ఊరికే రాలేదు. చేతులు కడగడం గురించి అందరూ చదువుకొస్తారు. పరీక్షలో బోల్తా పడేది లెక్క దగ్గరే. సోమవారం ఐసీయూలో రోగికి మూత్రపు క్యాథెటర్ వేశారనుకుందాం. వేసిన రోజే ఒకటో రోజు. మంగళవారం జ్వరం వస్తే ఆ నేరం క్యాథెటర్‌ది కాదు. బుధవారం వచ్చిందా, అది మూడో రోజు, క్యాథెటర్ ఖాతాలోకి వెళ్లవచ్చు. బుధవారం తీసేసినా గురువారం వచ్చిన జ్వరం దానికే చుట్టుకుంటుంది. జ్వరం 100.4 డిగ్రీలు దాటాలి. మూత్రపు కల్చర్‌లో మిల్లీలీటరుకు కనీసం లక్ష కాలనీలు ఉండాలి. మూడు రకాల సూక్ష్మజీవులు పెరిగితే శాంపిల్ తీయడంలోనే తేడా జరిగిందని పక్కన పెడతారు.

అదే రోగి కల్చర్‌లో క్యాండిడా అనే ఫంగస్ ఒక్కటే వచ్చిందనుకోండి. డాక్టర్ మందు మొదలుపెడతారు, పెట్టాల్సిందే కూడా. కానీ సీడీసీ నిర్వచనం ప్రకారం అది క్యాథెటర్ ఇన్ఫెక్షన్ కాదు. మంచం దగ్గర రోగనిర్ధారణ వేరు, రిజిస్టర్‌లో లెక్క వేరు. ఈ రెంటినీ కలపకుండా ఉండటమే ఈ పనిలో అసలు నేర్పు. వార్డుకు మచ్చ వస్తుందని హెడ్ నర్సు బతిమాలినా, డాక్టర్ విసుక్కున్నా నిర్వచనం సాగదు. పైగా దీని వెనక డబ్బూ ఉంది: ఆసుపత్రిలో వచ్చిన క్యాథెటర్ ఇన్ఫెక్షన్‌కు అయ్యే అదనపు ఖర్చును 2008 అక్టోబరు నుంచి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఇవ్వడం మానేసింది.

పెద్ద సిరలోకి వేసే సెంట్రల్ లైన్ల సంగతీ అంతే. ఒక ఐసీయూలో మూడు రక్త ఇన్ఫెక్షన్లు, మరో దాంట్లో రెండు. ఏది మేలు? రోజూ ఒకే వేళకు లైన్ ఉన్న రోగులను లెక్కపెట్టి కూడితే మొదటిదానికి 1,200 లైన్ రోజులు, రెండోదానికి 400 వచ్చాయనుకుందాం. వెయ్యి లైన్ రోజులకు మొదటిది 2.5, రెండోది 5. రెండే వచ్చిన చోటే పరిస్థితి రెట్టింపు చెడ్డగా ఉంది.

మిగతా సిలబస్ కాస్త తేలిక. ఒంట్లోకి దిగే పరికరం స్టెరైల్ కావాలి, చర్మాన్ని తాకేదానికి శుభ్రత చాలు, ఎండోస్కోప్ లాంటివి ఈ రెంటి మధ్యవి అన్న స్పాల్డింగ్ వర్గీకరణ వస్తే పరికరాల శుభ్రత మీద వచ్చే ప్రశ్నలు చాలావరకు విడిపోతాయి. ఆటోక్లేవ్ పనిచేసిందో లేదో టేపు రంగు చూసి నమ్మకూడదు, స్పోర్ పరీక్ష చేయాలి.

ఈ పరీక్ష రాసే మన నర్సులకు ఒక చిక్కు అదనం. రక్తంతో తడిసిన దూది ఇక్కడ పసుపు సంచిలో పడాలి. ఎర్ర సంచి సెలైన్ గొట్టాల్లాంటి ప్లాస్టిక్‌కు. అమెరికా పద్ధతిలో రక్తపు చెత్తకు గుర్తే ఎర్ర సంచి. ఏళ్ల తరబడి అలవాటైన చెయ్యి పరీక్ష హాల్లో పసుపు వైపే పోతుంది.

సర్టిఫికెట్ గడువు ఐదేళ్లు. ఆ తర్వాత మళ్లీ పరీక్ష రాయాలి, లేదా కొత్తగా నేర్చుకున్నదానికి లెక్క చూపాలి. ఎందుకంటే నిర్వచనాలు మారుతుంటాయి. క్యాథెటర్ ఇన్ఫెక్షన్‌గా లెక్కించే సూక్ష్మజీవుల జాబితా నుంచి సీడీసీ క్యాండిడాను తీసేసింది 2015లో. అంతకు ముందు చదివినవారి నోట్సులో అది ఇంకా క్యాథెటర్ ఇన్ఫెక్షనే.