రెండో బిడ్డ కాలు

అలియాబాద్ చౌరస్తాలో నొప్పులు పడుతున్న మనిషిని 108 ఎక్కిస్తే, బండి రాజీవ్ రహదారి పట్టుకుని శామీర్‌పేట, తూంకుంట, హకీంపేట, అల్వాల్ మీదుగా సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రికైనా పోవాలి, పడమరగా మళ్లి మేడ్చల్ దగ్గర ఘన్‌పూర్ మెడిసిటీకైనా పోవాలి. 2005 ఆగస్టు 15న మొదలైన ఆ 108కి కేంద్ర కార్యాలయం కూడా ఈ పక్కనే, దేవరయాంజాల్‌లో ఉంది.

అలా చేరిన ఆమె కడుపులో ఉన్నది కవలలైనా, ఆపరేషనే కావాల్సివస్తే మామూలుగా నడుముకు మత్తు సూది వేసి సిజేరియన్ చేస్తారు. తల్లి మెలకువగా ఉండి ఏడుపు వింటుంది. కానీ బొడ్డుతాడు జారి బయటికొచ్చినా, బిడ్డ గుండె వేగం పడిపోయి మళ్లీ పుంజుకోకపోయినా నడుము సూది పట్టేదాకా ఆగే వీలు ఒక్కోసారి ఉండదు. రక్తం బాగా పోతుంటే ఆ సూది బీపీని ఇంకా దించుతుంది. అప్పుడు మొత్తం మత్తే. ‘పెద్దాపరేషన్ అంటే కోసి తీయడమేగా’ అనేవాళ్లకు ఈ పనితనం ఒక్కసారి చూపించాలనిపిస్తుంది.

బల్ల మీద ఆమె ఇంకా మేలుకునే ఉంటుంది. అప్పటికే పొట్టకు బెటాడిన్ పూసి, గుడ్డలు కప్పేస్తారు. సర్జన్ గ్లౌజులు తొడుక్కుని, కత్తి అందేంత దూరంలో నిలబడి ఉంటారు. చూడ్డానికి కర్కశంగానే ఉంటుంది. కానీ మత్తు మందు మాయ దాటి పిల్లలకూ చేరుతుంది. అందుకే అన్నీ సిద్ధమయ్యాకే తల్లిని నిద్రపుచ్చుతారు. కుడి పిరుదు కింద చిన్న మెత్త పెట్టి ఎడమకు వంచుతారు, ఇద్దరి బరువు పెద్ద రక్తనాళం మీద పడకుండా.

“అమ్మా, ఊపిరి గట్టిగా తీసుకో” అంటారు మత్తు డాక్టర్, మాస్కు పెడుతూ. మూడు నిమిషాల ఆక్సిజన్. అంత టైము లేకపోతే ఎనిమిది లోతైన ఊపిర్లు. నిండు గర్భిణి ఊపిరితిత్తుల్లో నిల్వ తక్కువ, ఖర్చు ఎక్కువ. ఊపిరి ఆగితే ఆక్సిజన్ చప్పున పడిపోతుంది. తర్వాత నిద్ర మందు, వెంటనే కండరాలు వదులయ్యే స్కోలిన్. పక్కనున్నవాళ్లు గొంతు ముందరి ఉంగరంలాంటి మృదులాస్థిని వేళ్లతో నొక్కుతారు. కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోకుండా సెలిక్ అనే డాక్టర్ 1961లో చెప్పిన పద్ధతి ఇది. గర్భంతో గొంతు ఉబ్బి ఉంటుంది కాబట్టి ఊపిరి కోసం లోపలికి వేసే ట్యూబు ఒక సైజు చిన్నది. మానిటర్ తెర మీద ఊపిరి అలలు కనిపించాక, అప్పుడు “కానివ్వండి” అంటారు. అందరూ తొందరపెడుతున్నా ఆ అలల కోసం ఆగడం ఉంది చూశారూ, నాకు దానిమీదే గౌరవం.

ఊపిరినే చూడమని పట్టుబట్టిన ఊరు మనది. క్లోరోఫాం మీద 1888లో, 1889లో హైదరాబాద్ కమిషన్లు తేల్చింది అదే. నాడి సంగతి తర్వాత, శ్వాస చూడండి అన్నారు వాటి వెనకున్న డాక్టర్ ఎడ్వర్డ్ లారీ. సగమే నిజం. క్లోరోఫాం నేరుగా గుండెనే ఆపగలదని తర్వాత తేలింది. ఆ రోజుల్లోనే ఇక్కడి మెడికల్ స్కూల్లో చదివి క్లోరోఫాం ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్జీ, ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరు.

ఇక సర్జన్ చేతులు. చర్మం, కొవ్వు, దాని కింద గట్టి పొర కోస్తారు. కండరాలను మాత్రం కోయరు, వేళ్లతో పక్కకు జరుపుతారు. మూత్రాశయాన్ని కిందికి నెట్టి గర్భసంచి కింది భాగంలో చిన్న గాటు. ఆ గోడ వెనకే బిడ్డ బుగ్గ ఉండొచ్చు, అందుకే మిగతాది వేళ్లతోనే వెడల్పు చేస్తారు. మొదటి బిడ్డ తల కింద అరచెయ్యి పోనిచ్చి లేపుతారు. ఆ బొడ్డుతాడుకు ఒక క్లిప్పు.

లోపల హఠాత్తుగా చోటు ఖాళీ అవడంతో రెండో బిడ్డ అడ్డం తిరగొచ్చు. కంగారుపడి ఉమ్మనీటి సంచి పగలగొడితే నీళ్లు పోయి, గర్భసంచి బిగిసి, ఒక చెయ్యి మాత్రం బయటికొస్తుంది. చెయ్యి తిరిగినవాళ్లు సంచి పగలనివ్వరు. ఆ పొర మీదుగానే కాలు వెతుకుతారు. కళ్లకేమీ కనపడదు, అంతా వేళ్లే. చేతికి బొటనవేలు విడిగా పోతుంది. కాలికి వేళ్లన్నీ ఒకే వరుస, వెనక పొడుచుకొచ్చిన మడమ. మడమ దొరికిందా, కాలు దొరికినట్టే. మెల్లగా కిందికి లాగి, చివర్లో పొర చీలుస్తారు. పాదాలు, నడుము, భుజాలు, తల. ఈ తాడుకు రెండు క్లిప్పులు. మాయ బయటికొచ్చాక ఏ తాడు ఎవరిదో చెప్పేది అవే.

మత్తు వాయువుకు గర్భసంచి మెత్తబడుతుంది. కాలు వెతికేటప్పుడు ఆ మెత్తదనమే సాయం చేసింది. ఇద్దరూ బయటపడగానే అదే ప్రమాదం, ఎందుకంటే సాగిన సంచి బిగియకపోతే రక్తం ఆగదు. అందుకని తలవైపు నుంచి మత్తు డాక్టర్ ఆ గ్యాస్ తగ్గిస్తారు, అప్పటిదాకా చేతిలో ఆపుకున్న ఆక్సిటోసిన్ ఇస్తారు. ముందే ఇస్తే రెండో బిడ్డ మీదే సంచి బిగుసుకునేది. పిల్లలకు ఊపిరి మందగించకుండా అప్పటిదాకా దాచిన గట్టి నొప్పి మందూ ఇప్పుడే.

కుట్లయ్యాక ఆమె కళ్లు తెరిచి, చెప్పినట్టు తల ఎత్తితేనే ట్యూబు తీస్తారు. అప్పటికి వరండాలో అమ్మమ్మ ఇద్దరినీ చూసేసి ఉంటుంది. తల్లికే ఇంకా చూపించాలి.