అమ్మ మాట ఏమయింది?

పుట్టుక గుట్టు విప్పే నవలలు మనం బోలెడు చదివాం. అమెరికన్ రచయిత్రి డాని షపీరో 2019లో వెలువరించిన ‘ఇన్‌హెరిటెన్స్’ మాత్రం కల్పన కాదు, సొంత గోడు.

తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదు వంశం మాదని గర్వంగా పెరిగిందావిడ. 2016లో, 54 ఏళ్ల వయసులో, భర్త పురమాయిస్తే డి.ఎన్.ఏ. పరీక్షకి ఉమ్మి పంపింది. తేలిందేమిటి? యూదు రక్తం సగమే! పెంచిన నాన్న కన్న నాన్న కాదు. పిల్లలు కలగక అమ్మానాన్నలు ఫిలడెల్ఫియాలో వైద్యం చేయించుకుంటే, ఎవరో వైద్య విద్యార్థి దానం వల్ల పుట్టిన పిల్ల తను. అడుగుదామంటే ఇద్దరూ లేరు.

చిన్నప్పుడు, పోలండ్‌లో నాజీల బారి నుంచి బయటపడి వచ్చిన కుష్నర్ అనే పెద్దావిడ ఈమె బంగారు రంగు జుట్టు చూసి, ఆనాడు ఘెట్టోలో నువ్వుంటే మాకు రొట్టె తెచ్చిపెట్టేదానివి అందట. ఆ మాటలోని అర్థం తెలియడానికి అర్ధశతాబ్దం పట్టింది! ఈ ఘట్టం చదువుతుంటే ఒళ్లు జలదరించింది. కన్నవాణ్ణి వెతికి పట్టుకున్న భాగమైతే డిటెక్టివ్ నవలే.

నన్నడిగితే పేచీ మరోచోట ఉంది. నాన్న మీద కూతురికి కొండంత జాలి. అమ్మ దగ్గరకొచ్చేసరికి కలం గీరుకుంటుంది. ఆవిడ గయ్యాళే కావచ్చు, కాదనను. కానీ లోపం భర్తది, ఆస్పత్రి బల్ల ఎక్కింది ఆవిడ! ‘నువ్వు ఫిలడెల్ఫియాలో కడుపున పడ్డావు’ అని ఎప్పుడో నోరు జారిందీ ఆవిడే. ఆ ఒక్క ముక్కే లేకపోతే ఈ గుట్టు అంత తొందరగా విడేదా? అంకెల కాగితం పట్టుకుని నాన్న మనసంతా తవ్వింది కూతురు. ఆ గదిలోకి నడిచిన తల్లి మనసు కోసం మాత్రం పుస్తకమంతా వెతికాను.