“వ్యాధి జన్యువు” అను మాట

మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను గూర్చిన వ్యాసములలో “వ్యాధి జన్యువు” అను మాట కనబడుచుండును. ఇది నాకు సమ్మతము కాదు. హెచ్.ఎల్.ఏ.-డి.ఆర్.బి.1 జన్యువు మనలో ప్రతివారికిని కలదు. దామలచెరువు మండీలో నమూనా కాయలను వ్యాపారికి చూపినట్లు, అది తయారుచేయు ప్రోటీను క్రిముల ముక్కలను టీ-కణములకు చూపించును. మేలైన పనియే గదా! అయితే 15:01 అను రూపాంతరమున్నవారిలో టీ-కణములు పొరబడి, నాడీతంతువులపై నుండు మైలిన్ తొడుగునే శత్రువుగా నెంచు అవకాశము హెచ్చు. హెచ్.ఎల్.ఏ.కును ఈ వ్యాధికిని గల సంబంధము 1972లోనే బయటపడినది.

“ముప్పు మూడింతలు” అని వ్రాసి ఊరకుండుట మరియొక లోపము. దేనికి మూడింతలు? మన పొరుగున కర్ణాటకలోని మంగళూరులో జరిగి, 2014లో ప్రకటితమైన సర్వేలో లక్షకు ఎనిమిదిమంది రోగులు తేలిరి. మూడింతలు చేసినను లక్షకు పాతికమంది దరిదాపులే. జన్యువులన్నియు ఒకటే యైన ఏకరూప కవలలలో సైతము, ఒకరికి వచ్చినచో రెండవవారికి వచ్చుట నాలుగింట ఒక వంతు మాత్రమే. ఎప్‌స్టైన్-బార్ వైరస్ సోకినపిమ్మట ముప్పు 32 రెట్లగునని 2022లో అమెరికా సైనికుల రక్తనమూనాలు తెలిపినవి. ఆ వైరస్ పెద్దవారిలో నూటికి తొంబదిమందికి పైగా సోకియే యున్నది!

“ముప్పు పెంచు రూపాంతరము” అనినచో నోరు తిరుగదందురు. కాని పత్రికలో పడిన మాట పెండ్లిచూపుల దాక పోవును. తల్లికి జబ్బున్నదని తెలిసిన ఇంట, కూతురిని చూడవచ్చినవారు “మీకు ఆ జన్యువున్నదట గదా” అని అడిగిన, ఆ పిల్ల ఏమని బదులు చెప్పును?