పూర్వగృహ పరిరక్షణము

మహాపురుషుల గృహములను గాపాడుట యనఁగా గోడలకు సున్నము వేయించుట మాత్రమే కాదని మా యభిప్రాయము. అమెరికాలో పొటోమాక్ నదీతీరమునందలి మౌంట్ వెర్నన్ ఇందులకు నిదర్శనము. అది యా దేశపు ప్రథమాధ్యక్షుఁడగు జార్జి వాషింగ్టను నివాసము. అది శిథిలమగుచుండఁగాఁ బ్రభుత్వము కొనుటకు సమ్మతింపలేదు. అప్పుడు ఆన్ పమేలా కన్నింగ్‌హామ్ అను వనిత 1853లో స్త్రీల సంఘమును స్థాపించి, దేశమెల్లఁ జందాలు వసూలుచేయించెను. 1858లో 2,00,000 డాలర్లకు బేరము కుదిరినది. నేఁటికిని ఆ సంఘమే దానిని బోషించుచున్నది. వోటుహక్కైన లేని దినములలో స్త్రీలు సాధించిన యీ కార్యము మిక్కిలి శ్లాఘనీయము.

అయినను ఒక లోపమును జెప్పక తప్పదు. 1799లో ఆ యెస్టేటున 317 మంది బానిసలుండిరి. పొలము దున్నినదియు, వంట వండినదియు, ఆ వైభవమును నిలిపినదియు వారే. యజమాని సమాధిని భక్తితోఁ గాపాడిన సంఘము బానిసల శ్మశానమునఁ దొలి ఫలకమును 1929లోఁగాని నిలుపలేదు. తగిన స్మారకము 1983లోఁగాని వెలయలేదు.

ఆలస్యముగానైనను దోషమును దిద్దుకొనుట మంచిదే. కాని కీర్తిని దాఁచి యుంచి, అపకీర్తిని మఱచిపోవువారు చరిత్రలో సగమునే కాపాడినవారగుదురు. ఆ సౌధమును జూడఁబోవు చదువరులు ఆ శ్మశానమునొద్దను గొంతసేపు నిలువవలెనని మా ప్రార్థన.