ఒకే గదిలో అయిదు తరగతులు

పెండ్లిమర్రి లాంటి మండలాల్లో అయిదు తరగతులను ఒక్క గదిలో నడిపే అయివారి పనితనానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఆ పనికి మన సీమలోనే దారి చూపినవాళ్లున్నారు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివర్లో చుట్టుపక్కల పల్లెబడుల కోసం పాఠాలను బొమ్మ గుర్తులున్న కార్డులుగా విడగొట్టారు. పిల్లలు ఆ కార్డుల వరుసలో ఎవరి వేగంతో వాళ్లు మెట్లెక్కుతారు. చిక్కుపడినవాడికి పక్కనున్న పెద్దపిల్ల నేర్పుతుంది. కథలు, బొమ్మలాటలు కూడా అక్కడ పాఠాలే.

అన్నిటికన్నా నాకు నచ్చింది అక్కడి మెట్రిక్ మేళా. పిల్లలే అంగళ్లు పెట్టి, ఊరివాళ్ల ఎత్తూ బరువూ కొలిచి చెబుతారు. బడి ముఖం చూడని తల్లి తన బిడ్డ లెక్క కట్టడం కళ్లారా చూస్తుంది. ఇంతకంటే గొప్ప తల్లిదండ్రుల సమావేశం ఉంటుందా? ఈ సంక్రాంతి సెలవుల ముందు మన బడుల్లోనూ పెట్టండి అయివారూ, ఒక తక్కెడ, ఒక టేపు చాలు.