ఇరవై మూడో పోపులపెట్టె

మన కథకుల్ని "ఈ కథకి ప్రేరణ ఏమిటండీ?" అని అడిగితే వచ్చే జవాబులు దాదాపు ఒకేలా ఉంటాయి. ఏదో సంఘటన మనసుని కలచివేసింది, రాత్రంతా నిద్ర పట్టలేదు, తెల్లారేసరికి కథ పూర్తయింది. ఉత్తర అమెరికాలో ఉండే రచయితలైతే దీనికి మంచు కురిసే రాత్రిని కూడా జోడిస్తారు. నాకు ఈ జవాబుల మీద నమ్మకం తక్కువ. ఆ కథలు చదివాక అది ఇంకాస్త తగ్గుతుంది. ఒక్క రాత్రిలో కట్టిన ఇల్లంటే ఎవరూ కొనరు. కథకి మాత్రం అదొక యోగ్యతాపత్రం!

ఈ విషయం మీద నాకు కొత్త ఆలోచనలు వచ్చింది తెలుగు పుస్తకాల వల్ల కాదు, బొమ్మలు నేర్పే క్లాసుల వల్ల. మేముండే ఓక్‌విల్‌లో షెరిడన్ కాలేజి ఉంది. 1967లో మొదలైంది. కెనడాలో యానిమేషన్ అనగానే మొదట చెప్పుకునే పేరు అదే. మా అమ్మాయి అక్కడ ఇలస్ట్రేషన్ చదువుతోంది. (ఇంజనీరింగ్ ఎందుకు చేర్పించలేదని అడగదలచుకున్నవాళ్ళు వరుసలో నిలబడాలి. ముందు చాలామంది ఉన్నారు.) ప్రతి ప్రాజెక్టుకీ కొలతలుంటాయి, గడువుంటుంది, ఎన్ని రంగులు వాడాలో కూడా కొన్నిసార్లు వాళ్ళే చెబుతారు. పూర్తయ్యాక అందరి బొమ్మలూ గోడకి అంటించి, ఒక్కొక్కదాని ముందూ నిలబడి మొహమాటం లేకుండా మాట్లాడతారు. ఆ తర్వాత విద్యార్థి తన పని గురించి తనే ఒక పేజీ రాయాలి. ఎక్కణ్ణుంచి ప్రేరణ పొందావు, ఏం నేర్చుకున్నావు, వగైరా.

ఒక ప్రాజెక్టు చెబుతాను. ఇంట్లో ఉన్న ఏదో ఒక వస్తువుని ముప్ఫై సార్లు గీయాలి. గీసినదే మళ్ళీ గీయకూడదు. మా అమ్మాయి పోపులపెట్టె ఎంచుకుంది. మొదటి ఆరేడు బొమ్మలూ చూడముచ్చటగా ఉన్నాయి. గుండ్రటి స్టీలు డబ్బా, లోపల ఏడు గిన్నెలు, పసుపు, ఆవాలు, ఎండుమిర్చి. ఏ ఇండియన్ రెస్టారెంటు మెనూ మీదైనా వేసుకోవచ్చు. పదో బొమ్మ దగ్గర విసుగు మొదలైంది. గీతల్లోనే తెలుస్తోంది. పదిహేనో బొమ్మ నుంచి ఏదో మారింది. మూత ఒకవైపు సొట్టపోయి సరిగ్గా కూర్చోదు. చెంచా ఎప్పుడూ మెంతుల గిన్నెలోనే ఉంటుంది, ఎందుకంటే మెంతులు తక్కువ వాడతాం, ఆ గిన్నెలో చోటుంటుంది. ఇరవై మూడో బొమ్మలో పెట్టె దాదాపు లేదు. మూత లోపలి వైపు మాత్రం ఉంది. అందులో వంటింటి దీపం, మసకగా వంగిపోయిన ఒక మొహం. అది వాళ్ళమ్మది. ముప్ఫై బొమ్మల్లో నేను బొమ్మ అనగలిగింది అదొక్కటే.

ఇక ఆ పేజీ. అందులో తన అమ్మమ్మ వారసత్వం గురించీ, రెండు సంస్కృతుల మధ్య తన అస్తిత్వం గురించీ రాసింది. చదివి, "ఆ పెట్టె జెరార్డ్ స్ట్రీట్‌లో కొన్నాం కదమ్మా, అమ్మమ్మ దాన్ని చూడనే లేదు" అన్నాను.

"తెలుసు నాన్నా. రాత్రి పదకొండయింది, కౌంటర్ మీద అదే కనపడింది. అలా రాస్తే ఎవరు చదువుతారు?"

నేనైతే చదువుతాను. మా వృత్తిలో కూడా ఇలాంటి కాగితాలుంటాయి. ప్రోగ్రాం ముందు రాసేస్తాం, ఎలా రాయాలో చెప్పే డిజైన్ డాక్యుమెంటు ఆ తర్వాత తయారవుతుంది, తేదీ మాత్రం ముందుది వేస్తాం. ప్రేరణ గురించి కళాకారులు చెప్పేవి చాలావరకూ ఆ జాతివే. అబద్ధాలని అనను. వెనక నుంచి ముందుకి రాసుకున్న కథలు.

ఈ కాలేజిలోనే చదివిన డోమీ షీ తీసిన 'బావ్' చూడండి. ఎనిమిది నిమిషాల సినిమా, మాటలు లేవు. 2018లో వచ్చింది, 2019లో ఆస్కారు తెచ్చుకుంది. కొడుకు ఎదిగి వెళ్ళిపోయిన ఒక చైనా తల్లి టొరాంటోలో ఒంటరిగా కూర్చుని తింటుంటే పిండివంటల్లో ఒకటి ప్రాణం పోసుకుని పిల్లాడవుతుంది. దీని ప్రేరణ గురించి ఆమె చెప్పింది అందరికీ తెలిసిందే: ఒక్కతే కూతురు, అతిగా కాపాడుకునే తల్లి. నిజమే కావచ్చు. కాని అలాంటి తల్లులు మనకి తక్కువా? ఆ ముక్కతో మనవాళ్ళు రాసిన కథలు బోలెడున్నాయి. సినిమా నిలబడింది పిండి వల్ల. ఆ పిండి ఎలా సాగుతుంది, వేళ్ళు అంచుల్ని ఎలా మడతపెడతాయి అన్నది చూపించడానికి డోమీ తల్లే రెండుసార్లు స్టూడియోకి వచ్చి యానిమేటర్లకి చేసి చూపించింది. తల్లి ప్రేమ గురించి ఉపన్యాసం ఇవ్వడానికి రాలేదు.

జాన్ క్లాసెన్ ఇంకో ఉదాహరణ. 2005లో ఇక్కడ చదువు ముగించాడు. అతని 'దిస్ ఈజ్ నాట్ మై హ్యాట్' 2013లో కాల్డికాట్ మెడల్ అందుకుంది. ఆ పుస్తకంలో పెద్ద చేప మనసులో మాటంతా దాని కంటిపాప కదలికలోనే ఉంటుంది. విద్యార్థిగా మరొకరితో కలిసి చేసిన లఘుచిత్రం పేరు 'ఏన్ ఐ ఫర్ అన్నాయ్'. పేరులోనే కన్ను ఉంది. క్లాసు ప్రాజెక్టు తర్వాతి పుస్తకాలకి దారి వేసిందని నేననుకుంటాను. అతను ఒప్పుకుంటాడో లేదో వేరే సంగతి.

పురమాయించి చేయించేది కళ కాదు అనే మాట తెలుగువాడి నోట వింటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి: ఇవన్నీ మరి ఏమిటి? పృచ్ఛకుడిచ్చిన ప్రాజెక్టులే. బాపు లా చదివారు, బొమ్మల బడిలో కాదు. ఆయన వేసిన వేలాది బొమ్మల్లో చాలావాటికి వస్తువు ఇంకొకరిది, కాలమ్ కొలత పత్రికది, గడువు ప్రెస్సుది. ఆ బొమ్మల్లో అమ్మాయి జడ ఎలా ఊగుతుందో మనకి ఇప్పటికీ గుర్తుంది. అయితే అవధానానికో లోటుంది. అక్కడ చిత్తుప్రతి లేదు. మర్నాడు ఇంకోలా చెబుతానంటే కుదరదు. అందుకే చప్పట్లు కొట్టించుకున్న పద్యాల్లో చాలా కొద్దివే సభ దాటి బతికాయి. పురమాయింపు ఒక్కటే చాలదు, ముప్ఫై సార్లు గీసే ఓపిక కూడా కావాలి.

లక్ష్మా గౌడ్, తోట వైకుంఠం ఇద్దరూ హైదరాబాదు తర్వాత బరోడా వెళ్ళి కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చదువుకున్నవాళ్ళే. ఆ సుబ్రహ్మణ్యన్ అక్కడి ఫైన్ ఆర్ట్స్ మేళాల కోసం విద్యార్థులతో పాటు కూర్చుని బొమ్మలూ ఆటవస్తువులూ చేసిన మనిషి. ఇద్దరూ దూరం వెళ్ళి, చూడ్డం నేర్చుకుని, ఆ కళ్ళతో తమ ఊళ్ళ వైపు తిరిగారు. వైకుంఠం గీసిన తెలంగాణ ఆడవాళ్ళ బొట్టూ, చీర అంచూ, మెడ తిప్పిన తీరూ కొన్నేళ్ళ పని. ఇవాళ ఆ బొమ్మల ప్రింట్లు ఓక్‌విల్, మిస్సిసాగా ఇళ్ళలో సోఫాల పైన వేలాడుతున్నాయి. వాటి కింద కూర్చుని మనం రాసే ఊరి కథలు మాత్రం మా అమ్మాయి మొదటి ఏడు పోపులపెట్టెల దగ్గర ఆగిపోతున్నాయి. వేపచెట్టు, అరుగు, నానమ్మ, ఆవకాయ. సామాను మొత్తం దించుతాం, ఒక్క మూత కూడా తెరిచి చూడం. గోడకి అంటించి మాట్లాడుకునే అలవాటు అసలే లేదు. మన సాహిత్య సమావేశాల్లో కథ చదవడం, "హృద్యంగా ఉందండీ" అనడం, భోజనాలు.

మొన్నొక సమావేశంలో ఆవకాయ జాడీ గురించి ఒక కథ చదివారు. రచయిత నా మిత్రుడు, భాష మీద మంచి పట్టున్నవాడు. జాడీ మూతికి వాసెన కట్టి అటక మీద పెట్టారని ఒక్క వాక్యం, ఆ వెంటనే నానమ్మ చనిపోవడం. వాసెన దేనితో కట్టారని నేనడిగాను. "అదెందుకండీ, అందరికీ తెలిసిందేగా" అన్నాడాయన కొంచెం చిరాగ్గా. వెనక వరసలో ఇక్కడే పుట్టిన ఒక అమ్మాయి, తెలుగు వినగలదు గాని పెద్దగా చదవలేదు, వాసెన అంటే ఏమిటని అడిగింది. జాడీ మూతికి బిగించి కట్టే బట్ట అని ఎవరో చెప్పారు.

"ఎవరి బట్ట?" అంది.

ఆయన కాసేపు ఆలోచించాడు. తాతగారి పాత పంచె చింపి కట్టేదన్నాడు. ఆయన పోయాక కూడా ప్రతి ఏడూ దాన్నే ఉతికి మళ్ళీ కట్టేదట. కథలో ఆ ముక్క లేదు.